లింకన్ల వంశవృక్షం, పడమటి వలస: భూమి కాగితాల సాక్ష్యం

తన తాత పేరు కూడా అబ్రహామేనని, ఆయన వర్జీనియా నుంచి కెంటకీకి వచ్చాడని అధ్యక్షుడు అబ్రహాం లింకన్‌కు తెలుసు. అంతకు ముందువాళ్లు పెన్సిల్వేనియాలోని బర్క్స్ కౌంటీకి చెందిన క్వేకర్లని విన్నాడు. ఆపైన దారి దొరకలేదు. 1848లో మసాచుసెట్స్‌లోని హింగమ్‌కు ఉత్తరాలు రాసి ఆరా తీశాడు. అక్కడి లింకన్లకూ తమకూ పేర్లు కలవడం తప్ప ఇంకేమీ తేలలేదని 1859లో రాసుకున్నాడు.

ఆ చుట్టరికం నిజమే. 1637లో ఇంగ్లండులోని నార్‌ఫోక్ నుంచి వచ్చి హింగమ్‌లో స్థిరపడ్డ నేతగాడు శామ్యూల్ ఈ వంశానికి మూలపురుషుడు. ఆ సంగతిని పరిశోధకులు తేల్చింది కుటుంబ జ్ఞాపకాలతో కాదు, భూమి కాగితాలతో. శామ్యూల్ మనవడు మోర్డెకై న్యూజెర్సీకీ, అక్కడినుంచి పెన్సిల్వేనియాకూ కదిలాడు. న్యూజెర్సీలో తనకున్న 300 ఎకరాలను వీలునామాలో కొడుకు జాన్‌కు రాశాడు. జాన్ ఆ భూమిని అమ్మినప్పుడు రాయించిన దస్తావేజులో అతను మోర్డెకై కొడుకని స్పష్టంగా ఉంది. ఈ జానే 1768లో వర్జీనియాలోని షెనాండోవా లోయకు వెళ్లాడు. అధ్యక్షుడికి ముత్తాత. వంశం మొత్తానికి ఆ దస్తావేజుకన్నా విలువైన కాగితం లేదని నా అభిప్రాయం.

జాన్ కొడుకు కెప్టెన్ అబ్రహాం 1780లో వర్జీనియా భూమి అమ్మేసి, 160 పౌండ్లకు కెంటకీలో 400 ఎకరాల హక్కుపత్రం కొన్నాడు. 1785 నాటి సర్వేలో ఇంటిపేరు ‘లింక్‌హార్న్’ అని పడింది. హద్దులన్నీ చెట్లే: వాగు ఒడ్డున గుర్తు చెక్కిన చక్కెర మేపుల్ దగ్గర మొదలై, తూర్పుగా 300 పోల్‌లు, ఉత్తరంగా 213⅓ పోల్‌లు. ఒక పోల్ 16.5 అడుగులు. లెక్క కడితే సరిగ్గా 400 ఎకరాలు వస్తుంది. లెక్క ఒప్పుగానే ఉంది కానీ, చెట్టు కూలితే హద్దు పోయినట్టే. పైగా అవి షానీలు మొదలైన జాతులు తమ వేటభూములుగా ఎంచి వదులుకోని ప్రాంతాలు. 1786లో పొలంలో పనిచేస్తుండగా ఆదివాసుల దాడిలో కెప్టెన్ చనిపోయాడు.

కెంటకీ అప్పట్లో వర్జీనియాలో భాగమే. ఆస్తి పెద్దకొడుక్కే చెందాలన్న పాత చట్టాన్ని వర్జీనియా అప్పటికే రద్దు చేసింది. కానీ కొత్త చట్టం 1787 జనవరి 1 నుంచి గానీ అమలు కాలేదు. ఆ కొద్ది నెలల తేడాతో భూమి పెద్దవాడికి దక్కి, చిన్నవాడు, అధ్యక్షుడి తండ్రి థామస్ కూలిపనుల పాలయ్యాడు. తండ్రి పోవడంతో పాత ముచ్చట్లు చెప్పేవారూ కరువయ్యారు. భూమి, వంశజ్ఞాపకం రెండూ చేజారింది ఒకే ఏడాదిలో.

థామస్ కష్టపడి కొన్న కెంటకీ పొలాలేవీ చిక్కుల్లేకుండా లేవు. 1803లో కొన్న 238 ఎకరాలు, సర్వే తప్పు వల్ల అమ్మేనాటికి 200 అయ్యాయి. నాబ్ క్రీక్ పొలం మీద దావా పడింది. 1816లో ఇండియానాకు తరలిపోవడానికి బానిసత్వం కొంత కారణమైనా, భూమి హక్కుల తగాదాలే ముఖ్యమని కొడుకు తర్వాత రాశాడు. ఇండియానాలో ప్రభుత్వం ముందే చదరాలుగా కొలిచి భూమి అమ్మేది. 1817లో థామస్ విన్సెన్స్ కార్యాలయంలో ఎకరం 2 డాలర్ల చొప్పున 160 ఎకరాలకు దరఖాస్తు పెట్టాడు. అందులో సగం వదులుకుని, 1827లో 80 ఎకరాలకు తిరుగులేని పట్టా సంపాదించాడు.

1830 నాటి ఇల్లినాయ్ ప్రయాణానికి మాత్రం భూమి తగాదాల కారణం వర్తించదు. అప్పటికి పట్టా చేతిలోనే ఉంది. విషపు మొక్క మేసిన ఆవుల పాల వల్ల వచ్చే జబ్బు, 1818లో థామస్ మొదటి భార్య నాన్సీని బలిగొన్న ఆ జబ్బే, మళ్లీ చుట్టుపక్కల తలెత్తుతుందన్న భయం ఉంది. ఇల్లినాయ్ నేల మంచిదని అప్పటికే అక్కడికి వెళ్లిన బంధువు జాన్ హాంక్స్ పంపిన కబురూ ఉంది.