అశ్వహృదయం, అక్షహృదయం

శనివారం పొద్దున్న టాంపినీస్‌లో కూరలకని బయల్దేరితే, దారిలో సింగపూర్ పూల్స్ దుకాణం ముందు ఓ వరస కనిపిస్తుంది. ఎక్కువమంది పెద్దవాళ్ళే. చేతిలో చీటీ, కళ్ళు అంకెల మీద. వాళ్ళని చూసినప్పుడల్లా నాకు మా బాబాయి గుర్తొస్తాడు.

మా బాబాయి బెజవాడలో కూర్చుని, ఒక్క రేసు కూడా కళ్ళారా చూడకుండా, అరెకరం పొలం గుర్రాలకి మేపేసిన మనిషి. వీధి చివర ఒకతని దగ్గర చాటుగా పందేలు కాసేవాడు. ఏ గుర్రం ఏ గుర్రానికి పుట్టిందో, ఏది బురదలో పరిగెడుతుందో గడగడా చెప్పేవాడు. మా ఇంట్లో 'జాక్‌పాట్' అన్నది తిట్టుతో సమానం. అదేంటో నాకు నలభై దాటేదాకా తెలీదు. తెలుసుకుందామనిపించింది సింగపూర్లో గుర్రాలు ఆగిపోయాకే.

అన్నట్టు, లిటిల్ ఇండియాకి సరుకులకెళ్ళే మనవాళ్ళందరికీ రేస్‌కోర్స్ రోడ్డు తెలుసు. అరిటాకు భోజనాలు గుర్తుంటాయి గానీ, ఆ పేరెందుకొచ్చిందో ఎవరూ ఆలోచించరు. 1842లో ఇక్కడి తెల్లదొరలు స్పోర్టింగ్ క్లబ్బు పెట్టి, పక్కనున్న ఫారర్ పార్కులో గుర్రాలు పరిగెత్తించారు. 1911లో సింగపూర్లో మొదటి విమానం ఎగిరిందీ ఆ మైదానంలోనే. 1933లో పందేలు బుకిట్ తీమాకి, 1999లో క్రాంజీకి మారాయి. 2023 జూన్‌లో ఇళ్ళకీ ఇతర అవసరాలకీ ఆ స్థలం కావాలని ప్రభుత్వం ప్రకటించింది. 2024 అక్టోబరు 5న నూరవ గోల్డ్ కప్‌తో కథ ముగిసింది. గుర్రాలు పోయాయి గానీ పందేలు పోలేదు, పరాయి దేశాల రేసుల మీద కాస్తూనే ఉన్నారు.

ఇక పందేల సంగతి. పూర్వం బుకీలే ధర చెప్పేవాళ్ళు. 1860లలో పారిస్‌లో జోసెఫ్ ఒల్లేర్ అనే ఆయన (తర్వాత మూలా రూజ్ పెట్టినాయన కూడా ఈయనే!) ఓ చిట్కా కనిపెట్టాడు. అందరి డబ్బూ ఒకే కుండలో వెయ్యి, నీ వాటా తీసుకో, మిగిలింది గెలిచినవాళ్ళకి పంచు. అంటే ఆడేది నిర్వాహకుడితో కాదు, పక్కవాడితో. ఈ లెక్కలు చేతితో తెమలవు కదా, 1913లో ఆక్లండ్‌లో జార్జ్ జూలియస్ దీనికో యంత్రం బిగించాడు. ఓట్లు లెక్కపెట్టడానికని మొదలెట్టిన యంత్రాన్ని ఎవరూ కొనకపోతే, పందేలకి మార్చాడన్నమాట. మా వృత్తిలో ఇది మామూలే!

కుండ పద్ధతి వచ్చాక రకరకాల పందేలు పెట్టడం తేలికైంది. వీటినే ఎగ్జాటిక్ బెట్లు అంటారు. 12 గుర్రాలున్న పందెంలో గెలిచేది చెప్పడానికి 12 దారులు. మొదటి రెంటినీ ఏ వరసలోనైనా చెప్పే క్వినెల్లాకి 66. మొదటి మూడూ వరసగా చెప్పాలంటే 1,320. దీన్ని సింగపూర్లో టియర్స్ అంటే మనదేశంలో టనాలా అంటారు. నాలుగూ వరసగా చెప్పే క్వార్టెట్‌కి 11,880! 'అయిదు గుర్రాల్ని ఎంచుకుని, ఎలా తిప్పినా తగిలేలా కాద్దాం' అంటారా? టియర్స్‌లో అది 60 టిక్కెట్లు. తెలివి ఒకటే, ఖర్చు అరవై రెట్లు.

మా బాబాయిగారి జాక్‌పాట్ అంటే వరసగా అయిదు రేసుల్లో గెలిచే గుర్రాల్ని చెప్పడం. రేసుకి 12 చొప్పున 2,48,832 దారులు. అయితే ఇందులో ఓ న్యాయం కూడా ఉంది. కుండలోంచి ఇరవై శాతం తీస్తారనుకోండి. విడిగా కాసి, వచ్చినదంతా తిరగేసి మూడు రేసులాడితే సగటున వంద కాస్తా ఎనభై, అరవై నాలుగు, చివరికి యాభై ఒకటి అవుతుంది. మూడూ కలిపిన ట్రెబుల్‌లో కోత ఒక్కసారే. కానీ ఆ న్యాయం దక్కాలంటే ముందు గెలవాలిగా!

గెలిచినవాడూ ఉన్నాడు. హాంగ్‌కాంగ్‌లో బిల్ బెంటర్ అనే ఆయన కంప్యూటర్‌తో ఆడాడు. గెలిచే గుర్రం కోసం ఆయన వెతకలేదు. జనం వేసిన ధర కంటే ఎక్కువ అవకాశమున్న గుర్రం కోసం వెతికాడు. తేడా అంతా అక్కడే. మూడు రేసుల్లో మొదటి మూడేసి గుర్రాల్ని చెప్పే ట్రిపుల్ ట్రియో 2001లో ఆయనకి తగిలింది. రేసుకి 12 గుర్రాలైతే అది 1,06,48,000 దారుల్లో ఒకటి. ఆ డబ్బు తీసుకోలేదని 2018లో చెప్పాడు.

మన సుప్రీంకోర్టు 1996లో గుర్రప్పందెం అదృష్టం కాదు, నైపుణ్యం అంది. ఎవరి నైపుణ్యం, దేన్లో? భారతంలో నలుడి కథ గుర్తుందా? గుర్రాల మర్మం తెలిసినవాడు పాచికల్లో రాజ్యం పోగొట్టుకున్నాడు. ఋతుపర్ణుడు రథం మీద వెళ్తూ తాండ్రచెట్టుకి ఆకులెన్నో కాయలెన్నో చూపుతోనే చెప్తే, నలుడు దిగి లెక్కపెట్టి చూశాడు. తన అశ్వహృదయానికి బదులుగా ఆయన అక్షహృదయం పుచ్చుకున్నాడు. బాబాయికి మొదటిదుంది, రెండోది ఇచ్చేవాడు దొరకలేదు.

ఈ లెక్కలన్నీ కట్టుకుని మొన్న బాబాయికి ఫోన్ చేశాను. డెబ్భై ఎనిమిదేళ్ళు. అడ్డుపడకుండా అంతా విన్నాడు. చివరికి, "బాగా చెప్పావురా. ఇంతకీ ఆ ఊళ్ళో అన్నేళ్ళున్నావు కదా, అవి పరిగెత్తడం ఎలా ఉంటుంది?" అన్నాడు.

క్రాంజీ మా ఇంటినుంచి మెట్రోలోనే వెళ్ళొచ్చు. పంతొమ్మిదేళ్ళలో ఒక్కసారీ వెళ్ళలేదు. "నేనూ చూళ్ళేదు బాబాయ్" అన్నాను.