వివేకం ఉంది, మరి సంకల్పం?

నా చదువంతా ఇంగ్లీషు మీడియం. అరవై దాటాక తెలుగు నేర్చుకుంటున్నాను, అందుకే నా వాక్యాలు చిన్నవి. ఈసారి రెండు మాటలు: వివేకం, సంకల్పం. మొదటిది రీజన్, రెండోది విల్.

కాలేజీలో డెకార్ట్‌ని చదివాను. 1641లో ఆయన రాసిందేమిటంటే, మన తెలివికి హద్దు ఉంది, సంకల్పానికి లేదు. తెలియని విషయం మీద కూడా సంకల్పం తొందరపడి తీర్పు చెప్పేస్తుంది. తప్పు అక్కడే పుడుతుంది. అప్పుడు సరే అనుకున్నాను. కందుకూరి వీరేశలింగం గారి గురించి చదివాక అనుమానం వచ్చింది.

ఆయన 1874లో పెట్టిన పత్రిక పేరే వివేకవర్ధని, అంటే వివేకాన్ని పెంచేది. వితంతువులు మళ్లీ పెళ్లి చేసుకోవచ్చని 1856లోనే చట్టం వచ్చింది. ఆయన 1879లో సభల్లో మాట్లాడారు, శాస్త్రాలు చూపించి పండితులతో వాదించారు. అయినా రాజమండ్రిలో మొదటి పెళ్లి జరిగింది 1881 డిసెంబరు 11న. చట్టం వచ్చి పాతికేళ్లు! వధువు గౌరమ్మ, వరుడు గోగులపాటి శ్రీరాములు.

ఊళ్లో వాళ్లు వెలివేశారు. వంటవాళ్లు రారు, నీళ్లు మోసేవాళ్లు రారు. ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మ గారే గోదావరి నుంచి నీళ్లు మోసి, వంట చేశారు. మనం ఆయన ఉపన్యాసాల గురించే ఎక్కువ చెప్పుకుంటాం. నాకైతే ఆ నీళ్లే గుర్తుండిపోయాయి.

కాంట్ 1784లో ఇంకోలా రాశారు: లోటు తెలివిలో కాదు, సొంత తెలివిని వాడే ధైర్యంలో ఉంది. రాజమండ్రికి ఈ మాటే నప్పుతుంది. అక్కడ వివేకం ముందు నడిచింది, సంకల్పం వెనకబడింది.

రాజమండ్రి దాకా ఎందుకు? ఇక్కడ దుబాయిలో నేను గుడి సేవ చేస్తుంటాను. పోయిన ఏడాది వరలక్ష్మీ వ్రతం రోజు పసుపు కుంకుమ పళ్లెం నా చేతిలో ఉంది. ఎన్నో ఏళ్లుగా మాతో పూలు కడుతున్న ఒకావిడ, అప్పటికి కొద్ది నెలల క్రితమే భర్త పోయారు, నెమ్మదిగా వెనక్కి జరిగి చెప్పుల స్టాండ్ దగ్గర నిలబడ్డారు. ఎవరూ పొమ్మనలేదు. ఎవరూ రమ్మనలేదు కూడా. వీరేశలింగం గారి గురించి అప్పటికే చదివి ఉన్నాను. అయినా పళ్లెం పక్కావిడకి అందించేశాను.

ఈ శ్రావణానికి ముందే ఆవిడకి ఫోన్ చేశాను. "ఈసారి పళ్లెం మీరు పట్టుకోండి" అన్నాను.

"ఎవరైనా ఏమైనా అంటారేమోనండీ."

"అంటే నన్ను అంటారు. పక్కనే ఉంటాను."

ఆలోచించి చెబుతానన్నారు. ఇంకా చెప్పలేదు.