మదీనా చౌరస్తా నుంచి చార్మినార్ దాకా: రోజూ దాటిపోయే కట్టడాలు

రంజాన్ షాపింగ్‌కో, పెళ్లి బట్టలకో హైదరాబాద్ పాతబస్తీకి వెళ్లని కుటుంబం మనలో తక్కువే. మదీనా చౌరస్తాలో దిగితే చార్మినార్ కిలోమీటరు లోపే. అందరి చూపూ దుకాణాల మీదే ఉంటుంది కానీ, ఈ దారిలో 400 ఏళ్లకు పైబడిన చరిత్ర ఉంది.

బాద్‌షాహీ ఆషూర్‌ఖానా: పత్తర్‌గట్టి దగ్గరే ఉంది. చార్మినార్ కట్టిన కొన్నేళ్లకే మహమ్మద్ కులీ కుతుబ్ షా దీన్ని కట్టించాడు. గోడలపై ఆలమ్‌ల ఆకారంలో రంగురంగుల పింగాణీ పలకలు పొదిగారు. ఆ పని 1611 నాటికి పూర్తయింది. 1908 మూసీ వరదలో కింది వరసల పలకలు దెబ్బతిన్నాయి.

పత్తర్‌గట్టి: రెండు పక్కలా కనిపించే రాతి కమాన్ల వరస నిజాం కాలం నాటిది. వరద తర్వాత 1912లో ఏర్పడిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు కట్టించింది. కింద దుకాణాలు, ముందు జనం నీడలో నడిచే వరండా. ఇప్పుడు చాలాచోట్ల బోర్డులే కనిపిస్తాయి, రాయి కనిపించదు.

చార్ కమాన్, గుల్జార్ హౌజ్: ఇంకాస్త ముందుకెళ్తే నాలుగు దిక్కులా నాలుగు పెద్ద కమాన్లు, మధ్యలో హౌజ్. ఉత్తరాన మచ్లీ కమాన్, దక్షిణాన చార్మినార్ కమాన్. తూర్పున ఉన్న కాలీ కమాన్ ఒకప్పుడు నగారాలు మోగిన చోటు. పడమటి కమాన్ రాజమహళ్లకు దారి. ఆ మహళ్లు ఇప్పుడు లేవు, దారి చూపే కమాన్ మాత్రం మిగిలింది.

జామా మస్జిద్: చార్మినార్‌కు ఈశాన్యంలో, దుకాణాల వెనక ఉంటుంది. 1597-98లో కట్టారు. మక్కా మస్జిద్ పని మొదలుకావడానికి దాదాపు 20 ఏళ్ల ముందే ఇక్కడ నమాజ్ జరిగేది. అయినా సెల్ఫీ దిగేవాళ్లలో ఎంతమంది లోపలికి వెళ్తున్నారు?

వీటిని విడివిడిగా చూడకూడదు. 1591లో చార్మినార్‌తో మొదలైన నగరం ప్లాన్‌లో కమాన్లు, హౌజ్, మస్జిద్ అన్నీ భాగమే. చార్మినార్ ఒక్కటే మిగిలితే నగరం మిగిలినట్టు కాదు. పేరు తెలియని కట్టడానికి మేకు కొట్టినా, వైరు వేలాడదీసినా అడిగేవాళ్లుండరు. పిల్లలకు కనీసం పేర్లు చెప్పండి.

చూడటానికి పొద్దున్నే, షట్టర్లు లేవకముందు వెళ్లడం మేలు. బోర్డుల పైన, తల ఎత్తి చూడండి. ఆషూర్‌ఖానాలో, మస్జిద్‌లో చెప్పులు బయటే విడవాలి.