ఈసీఐఎల్ టీవీ నుంచి ఉప్పల్ తెర దాకా

మా దమ్మాయిగూడ నుంచి ఉప్పల్ స్టేడియానికి పోతుంటే ఈసీఐఎల్ చౌరస్తా తగులుతుంది. ఊరంతా కలిసి చూసే తెర మన దగ్గర అక్కడే పుట్టిందని నేనంటాను. మ్యాచ్‌కు పోయే పిల్లలకు ఆ సంగతి ఎవరూ చెప్పరు.

1975 ఆగస్టు 1న ఇస్రో ‘సైట్’ అనే ఉపగ్రహ టీవీ ప్రయోగం మొదలుపెట్టింది. ఏటీఎస్-6 అనే అమెరికా ఉపగ్రహం నుంచి ఆరు రాష్ట్రాల్లోని 2,400 ఊళ్లకు నేరుగా బొమ్మ దిగింది. అప్పటి ఆంధ్రప్రదేశ్ ఊళ్లూ వాటిలో ఉన్నాయి. ఆ టీవీలు తయారుచేసింది ఆ చౌరస్తాకు పేరిచ్చిన ఈసీఐఎల్ కంపెనీయే. మా పెదనాన్న అక్కడే పనిచేసేవాడు. కోళ్లగూటికి కొట్టే జాలీతో మూడు మీటర్ల యాంటెన్నా, బడిలోనో పంచాయతీ ఆఫీసులోనో ఒక్క నలుపు తెలుపు టీవీ, దాని ముందు జనం. పొద్దున బడిపిల్లలకు పాఠాలు, సాయంత్రం పెద్దలకు సాగు, ఆరోగ్యం ముచ్చట్లు. ఏడాదికి ప్రయోగం ముగిసింది. “వెనక కూసున్నోళ్లకు కనపడకపోయేది బిడ్డా, అదొక్కటే నా బాధ” అనేవాడు పెదనాన్న.

ఆ బాధ లోకమంతా ఉన్నదే. టీవీలో బొమ్మ చూపే ఒక్క గాజుగొట్టాన్ని గోడంత చెయ్యలేరు. అందుకే మిత్సుబిషి వాళ్లు చిన్నచిన్న గొట్టాలను వరసలుగా పేర్చి, పట్టపగలు కూడా కనపడే తెర కట్టారు. 1980లో లాస్ ఏంజెలస్ డాడ్జర్ స్టేడియంలో అది వెలిగింది. 1982కల్లా మెల్‌బోర్న్ క్రికెట్ మైదానానికి అలాంటి తెర వచ్చింది. ఎల్ఈడీలతో కడదామంటే ఎరుపు ఉంది, కాంతిగల నీలం లేదు. నీలం లేకుంటే తెలుపూ రాదు. 1993లో జపాన్‌లో నకమురా అనే ఇంజనీరు ఆ నీలం సాధించాకే ఇప్పటి తెరలకు దారి పడింది.

క్రికెట్‌లో తీర్పులకూ తెరే ఆధారమైంది. 1992లో డర్బన్‌లో టీవీ రీప్లే చూసి అంపైర్ ఔటిచ్చిన మొదటి ఆటగాడు మన సచినే. ఇప్పుడు ఆ తీర్పు స్టేడియం తెర మీద మన కళ్ల ముందే తేలుతుంది. 2024 జనవరిలో ఇంగ్లండ్‌తో ఉప్పల్ టెస్టు 28 పరుగుల తేడాతో ఓడిపోయాం. అయినా రివ్యూ అడిగినప్పుడల్లా బంతి ఎక్కడ పడింది, ఎక్కడ తగిలింది, వికెట్లకు తగిలేదేనా అని పై గ్యాలరీ చివరి వరస కూడా అంపైర్‌తో పాటే చూసింది. చౌరస్తాల్లో ప్రకటనలు తిప్పే తెరలు ఎంత పెద్దవైనా వాటిని నేను ఈ వంశంలో కలపను. వాటి ముందు ఎవరూ కూర్చోరు.

ఏ పాత బడిలోనైనా ఆనాటి టీవీ ఒక్కటి మిగిలుంటే, దాన్ని తెచ్చి ఉప్పల్ స్టేడియం గేటు దగ్గర పెట్టాలి. పక్కనే ఈసీఐఎల్ పేరు తెలుగులో పెద్దక్షరాలతో రాయాలి.