చెరకు, నీరు, రాబోయే పంట: కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతాల అనుభవం

వరి వేసిన రైతు నాలుగైదు నెలల ముందుచూపుతో సరిపెట్టుకోవచ్చు. చెరకు రైతు పది, పన్నెండు నెలలు ముందుకు చూడాలి. ముచ్చెలు నాటిన తరువాత వచ్చే ఎండాకాలంలో తోటకు నీరు దొరకాలి. ఏడాది గడిచి గడ నరికేనాటికి కొనేవాడు ఉండాలి. కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతాల చెరకు చరిత్రను ఈ రెండు విషయాలను దృష్టిలో ఉంచుకొని చదవండి.

మొదట నీటి సంగతి. మంజీర నదిపై 1923లో మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్ నిర్మాణానికి నవాబ్ అలీ నవాజ్ జంగ్ సారథ్యం వహించాడు. ఆనకట్ట ఎల్లారెడ్డికి దగ్గరలోనే ఉంది. అయితే పటంలో ప్రధాన కాలువను అనుసరించి చూడండి: అది బాన్సువాడ మీదుగా ఉత్తరాన బోధన్ వైపు సాగిపోతుంది. ఎల్లారెడ్డి, నాగిరెడ్డిపేట వైపు కొన్ని పొలాలకు పోచారం జలాశయం ఆధారమైంది. అది నిజాంసాగర్ కంటే ముందే, 1922 నాటికి తయారైంది. కాలువ అందని కామారెడ్డి వైపు గ్రామాలు చెరువులను, బావులను నమ్ముకున్నాయి. ఆ తరువాత బోర్లు వచ్చాయి. ఆనకట్ట పక్కనే ఉన్నంత మాత్రాన నీరు దక్కదని దీన్నిబట్టి మీకు అర్థమవుతుంది.

ఇక కొనేవాడి సంగతి. నిజాంసాగర్ ఆయకట్టు చెరకును ఆధారం చేసుకొని 1937లో బోధన్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ ఏర్పడింది. హైదరాబాదు సంస్థానపు పారిశ్రామిక చరిత్రలో దానికి పెద్ద స్థానమే ఉంది. పాఠ్యగ్రంథాలు సాధారణంగా అక్కడితో ఆగిపోతాయి, అది సరికాదు. నరికిన గడను ఆలస్యం చేస్తే బరువూ, తీపీ రెండూ తగ్గుతాయి. మిల్లుకు దూరంగా ఉన్న రైతు ఎడ్లబండిపై చెరకు తోలుకుపోవడం కంటే పొలం దగ్గరే గానుగ ఆడించి బెల్లం వండుకోవడం మేలనుకున్నాడు. పొయ్యికి ఆ చెరకు పిప్పే వంటచెరకు. బెల్లం కొంతకాలం నిలవ ఉంటుంది, ధర చూసుకొని అమ్ముకోవచ్చు. సికింద్రాబాదు నుంచి మన్మాడ్ వెళ్ళే రైలుమార్గంలో ఉన్న కామారెడ్డి బెల్లం వ్యాపారానికి పేరు పొందింది.

ఈ రెండు ఆధారాలూ క్రమంగా బలహీనపడ్డాయి. పూడిక వల్ల నిజాంసాగర్ నిల్వ సామర్థ్యం మొదట ఉన్న 29 టి.ఎం.సి.ల పైచిలుకు నుంచి సుమారు 17.8 టి.ఎం.సి.లకు పడిపోయింది. ఎగువన మెదక్ జిల్లాలో సింగూరు కట్టాక మంజీర నీటిలో హైదరాబాదు తాగునీటికీ వాటా ఏర్పడింది. బెల్లానికి వేరే చిక్కు వచ్చింది. 1993లో సారా నిషేధం, 1995లో మద్యనిషేధం అమలయ్యాయి. నాటుసారా బట్టీలకు పోతోందన్న కారణంతో నల్లబెల్లం అమ్మకం, రవాణాలపై అధికారుల నిఘా పెరిగింది. సారా కాచేవాడిని పట్టుకోవడం కష్టం, బెల్లం బండిని ఆపడం తేలిక. నష్టం ఎక్కువగా ఎవరిపై పడి ఉంటుందో మీరే ఊహించండి. బోధన్ ఫ్యాక్టరీలో మెజారిటీ వాటా 2002లో ప్రైవేటు యాజమాన్యానికి వెళ్ళింది. 2015 డిసెంబరులో లే ఆఫ్‌తో అక్కడ పని ఆగిపోయింది.

ఈలోగా కామారెడ్డి ప్రాంతంలో ప్రైవేటు చక్కెర మిల్లులు వచ్చాయి కనుక చెరకు పూర్తిగా పోలేదు. 2016లో కామారెడ్డి కొత్త జిల్లా అయింది. నేడు ఇక్కడ వచ్చే సీజను దిగుబడిని అంచనా వేయాలంటే వానాకాలం లెక్క ఒక్కటే చాలదు. సింగూరు నుంచి నీరు ఎప్పుడు, ఎంత వదులుతారు? వేసవిలో బోర్లు ఎంతవరకు ఆగుతాయి? నరికిన మోళ్ళ నుంచి వచ్చే కార్శి తోటను రైతు ఉంచుకుంటున్నాడా, దున్నేసి వరి వేస్తున్నాడా? చెరకు నరికే కూలీలు దొరుకుతారా? మీ ప్రాంతంలో చెరకు పండించిన పెద్దలుంటే, వారు ఏ సంవత్సరంలో, ఎందుకు ఆ పంట మానుకున్నారో అడిగి రాసుకోండి. ఆ సంవత్సరాలను పైన చెప్పిన తేదీల పక్కన పెట్టి చూడండి.