ఒక ఆల్బమ్, రెండు పాఠాలు: సార్జెంట్ పెప్పర్ పరిష్కరణల కథ

ప్రాచీన గ్రంథాల విషయంలో మనకు చిరపరిచితమైన ప్రశ్న ఒకటుంది: చేతికి దొరికిన ప్రతులలో కవి పాఠం ఏది, లేఖకుడి పాఠం ఏది? గ్రామఫోను రికార్డులకు కూడా ఈ ప్రశ్న వర్తిస్తుందంటే కొందరికి వింతగా తోచవచ్చు. కాని 1967లో బీటిల్స్ బృందం వెలువరించిన ‘సార్జెంట్ పెప్పర్స్ లోన్లీ హార్ట్స్ క్లబ్ బ్యాండ్’ చరిత్రను పరిశీలిస్తే, ఒకే ఆల్బమ్ రెండు భిన్న పాఠాలతో లోకంలోకి వచ్చిందనీ, కర్తల శ్రద్ధకు ఎక్కువగా నోచుకున్న పాఠమే దశాబ్దాల పాటు మరుగున పడిందనీ తెలుస్తుంది.

ఈ ఆల్బమ్ పని 1966 నవంబరు 24న లండన్‌లో, అబ్బే రోడ్‌లోని ఈఎంఐ స్టూడియోలో మొదలై 1967 ఏప్రిల్ వరకు సాగింది. నిర్మాత జార్జ్ మార్టిన్, ప్రధాన ఇంజనీరు జెఫ్ ఎమరిక్. వారి చేతిలో ఉన్నవి నాలుగు ట్రాకుల టేపు యంత్రాలు మాత్రమే. నాలుగూ నిండితే వాటిని కలిపి, మరో టేపు మీద ఒకటి రెండు ట్రాకులుగా నకలు తీసి, మిగిలిన ట్రాకులలో కొత్త వాద్యాలను చేర్చేవారు. ప్రతి నకలుతోనూ టేపు రొద కొంత పెరిగేది, ధ్వనిలోని స్వచ్ఛత కొంత తరిగేది. ఒకసారి కలిసిన డ్రమ్ములను, గిటారును మళ్ళీ విడదీయడం అప్పట్లో అసాధ్యం. ‘ఎ డే ఇన్ ది లైఫ్’ పాటకు నలభై మంది వాద్యకారుల బృందాన్ని చేర్చవలసి వచ్చినప్పుడు, కెన్ టౌన్‌సెండ్ అనే సాంకేతిక నిపుణుడు రెండు యంత్రాలను జంటగా నడిపే ఉపాయం పన్నవలసి వచ్చింది.

ఆనాటి బ్రిటన్‌లో అత్యధికుల ఇళ్ళలో ఉన్నది ఒకే స్పీకరు. అందువల్ల బీటిల్స్ దగ్గరుండి, పట్టుబట్టి చేయించుకున్నది మోనో మిశ్రమమే. స్టీరియో మిశ్రమాన్ని మార్టిన్ బృందం వారు లేకుండానే కొద్ది రోజులలో ముగించింది. రెండింటికీ తేడాలు స్వల్పమైనవి కావు. ‘షీ ఈజ్ లీవింగ్ హోమ్’ మోనోలో వేగంగా, దాదాపు అర్ధస్వరం హెచ్చు శ్రుతిలో వినిపిస్తుంది. స్టీరియోలో అదే పాట నెమ్మదించి మరింత దిగులుగా సాగుతుంది. ‘లూసీ ఇన్ ది స్కై విత్ డైమండ్స్’లో లెనన్ గొంతు చుట్టూ తిరిగే ఆ మైకపు అలలు మోనోలోనే చిక్కగా ఉంటాయి. చివరలో మళ్ళీ వచ్చే శీర్షిక గీతం ముగింపులో మెకార్ట్నీ వేసే కేకలు మోనోలో స్పష్టం, స్టీరియోలో దాదాపు మాయం.

విచిత్రమేమంటే, 1960ల చివరికల్లా మోనో రికార్డులు అంగళ్ళ నుంచి తప్పుకున్నాయి. హడావిడిగా చేసిన పాఠమే ప్రామాణికమై కూర్చుంది. 1987 జూన్ 1న, సరిగ్గా ఇరవయ్యేళ్ళకు, తొలిసారి సీడీగా వచ్చినదీ స్టీరియోయే. తొలినాటి డిజిటల్ పరికరాల పరిమితులు అందులో వినిపిస్తాయి. ధ్వని శుభ్రంగానే ఉంటుంది గాని, పలుచగా, పొడిపొడిగా తోస్తుంది.

2009 సెప్టెంబరు 9న వెలువడిన పునర్ముద్రణ దీనికి ప్రాయశ్చిత్తం. అబ్బే రోడ్ ఇంజనీర్లు నాలుగేళ్ళు శ్రమించి మూల టేపులను కొత్తగా డిజిటల్‌లోకి మార్చారు. వారి సంయమనం మెచ్చదగినది. మొత్తం 525 నిమిషాల బీటిల్స్ సంగీతంలో రొదను తొలగించే పరిజ్ఞానాన్ని ప్రయోగించినది అయిదు నిమిషాల లోపేనట! స్టీరియో ప్రతులలో శబ్దతీవ్రతను కొద్దిగా పెంచినా, మోనో సంపుటిని ఆ ఒత్తిడి లేకుండా వదిలారు. పెప్పర్ మోనో పాఠం అధికారికంగా సీడీ మీదికి ఎక్కినది అప్పుడే.

2017లో వచ్చినది వేరే సంగతి. రీమాస్టర్ అంటే పూర్తయిన మిశ్రమాన్ని శుద్ధి చేయడం. రీమిక్స్ అంటే విడి ట్రాకులను తిరిగి కలపడం. మొదటిది పాఠపరిష్కరణ, రెండవది పునారచన. జార్జ్ మార్టిన్ కుమారుడు జైల్స్ మార్టిన్, ఇంజనీరు శామ్ ఒకెల్ చేసినది రెండవది. నకళ్ళు తీయడానికి ముందున్న తొలితరం టేపులను వెదికి కలపడం వల్ల డ్రమ్ములకు, బాస్‌కు మునుపెన్నడూ లేని నిండుదనం వచ్చింది. మోనోనే ఒరవడిగా పెట్టుకుని, ‘షీ ఈజ్ లీవింగ్ హోమ్’ను దాని వేగానికి తిరిగి చేర్చారు. అయితే ధ్వని అంతటా బిగ్గరగా ఉంది. హెచ్చుతగ్గుల మధ్య ఉండవలసిన ఊపిరి కొంత తగ్గింది.

ఇక నా నిర్ణయం. కొత్తగా వినేవారికి 2017 మిశ్రమం ఆకర్షణీయమైన ద్వారం. కాని 1967లో ఆ నలుగురూ తలలూపి సరేనన్న రూపమేదో తెలియాలంటే 2009 మోనోయే శరణ్యం. వ్యాఖ్యానం ఎంత రసవంతమైనా మూలాన్ని మూలగా తోసేయకూడదు కదా!

ఒక చిన్న ముచ్చట. బ్రిటిష్ ఎల్పీ చివరి గాడిలో అర్థంలేని మాటల ముక్క ఒకటి చెక్కారు. ముల్లు ఎత్తేదాకా అది తిరుగుతూనే ఉండేది. 1987 సీడీలో దాన్ని కొన్నిసార్లు వినిపించి మెల్లగా ఆపేశారు. పరిష్కర్త ఎంత నిపుణుడైనా, మాధ్యమం మారినప్పుడు ఏదో ఒకటి ఇలా జారిపోతుంది. మీలో ఈ రెండు పాఠాలనూ విన్నవారుంటే, మీ చెవికి ఏది ఇంపైనదో, ఎందుకో చెప్పగలరు.