డూమ్ ఇంట్లో కాలయంత్రం

ఆ మొద్దు ఇంకాస్త లోపలికి తొయ్యరా, రాజుకుంటుంది. ఆఁ, చాలు. ఇక అందరూ కూచోండి. పొద్దున చిన్నోడు అడిగాడుగా, "తాతయ్యా, నువ్వు చదివిన కామిక్స్‌లో టైం మెషీన్ ఉందా?" అని. ఉందిరా. ఒక మహా తెలివైనవాడి కోటలో ఉంది. ఇవాళ ఆ ముచ్చటే చెప్తాను.

ముందు ఆ పుస్తకాలు మా చేతికి ఎట్లా వచ్చేవో చెప్పాలి. అప్పుడు నేను హైదరాబాదులో కాలేజీలో చదువుతున్నాను. ఆదివారం వస్తే ఆబిడ్స్‌లో దుకాణాలు మూసేవాళ్ళు. ఆ మూసిన షట్టర్ల ముందు, ఫుట్‌పాత్ పొడుగునా పట్టాలు పరిచి పాత పుస్తకాలు పోసేవాళ్ళు. ఇంజినీరింగు పుస్తకాలు, రష్యా పుస్తకాలు, ఇంగ్లీషు నవలలు అన్నీ కలిసిపోయి ఉండేవి. గొంతుక్కూచుని ఒక్కో కట్టా తిరగేస్తుంటే ఎక్కడో అడుగున ఒక అమెరికా కామిక్ తగిలేది. కాగితం రంగు మారి, పిన్నులు తుప్పు పట్టి ఉండేది. బొమ్మని కళ్ళకి దగ్గరగా పెట్టుకుంటే రంగంతా చుక్కలే. ఎర్ర చుక్కలు, పసుపు చుక్కలు. కాస్త దూరం జరిపితే ఆ చుక్కలన్నీ కలిసి నారింజ రంగు రాతిమనిషి ఒళ్ళు అయిపోయేవి. వరస నంబర్లు ఏనాడూ దొరికేవి కావు. చివరి కథ ముందు చదివేవాళ్ళం, దాని మొదలు ఎప్పుడో రెండేళ్ళకి దొరికేది. అందుకని ఇప్పుడు మీకు నేను సర్ది చెప్పే వరసలో మేం చదవలేదు.

ఆ రాతిమనిషి పేరు బెన్ గ్రిమ్. లోకం అతన్ని థింగ్ అంటుంది. 1961 నవంబరు తేదీతో ఫెంటాస్టిక్ ఫోర్ అనే పుస్తకం మొదటి సంచిక వచ్చింది, వెల పది సెంట్లు. మాటలు స్టాన్ లీవి, బొమ్మలు జాక్ కర్బీవి. రీడ్ రిచర్డ్స్ అనే శాస్త్రజ్ఞుడు ఒక రాకెట్ కట్టాడు. రష్యావాళ్ళ కంటే ముందు పైకి వెళ్ళాలని తొందర. దాన్ని నడపాల్సినవాడు బెన్. "కాస్మిక్ కిరణాల సంగతి మనకింకా సరిగ్గా తెలీదు, ఇప్పుడొద్దు" అని అతను ముందే చెప్పాడు. రీడ్‌ని పెళ్ళాడబోయే సూ అతన్ని పిరికివాడంది. పౌరుషం వచ్చి ఎక్కాడు. సూ, ఆమె తమ్ముడు జానీ కూడా ఎక్కారు. రాకెట్ కవచం ఆ కిరణాల్ని ఆపలేకపోయింది. రీడ్ ఒళ్ళు రబ్బరులా సాగడం మొదలైంది, సూ మాయమవడం నేర్చింది, జానీ మంటై ఎగిరాడు. ముగ్గురూ కావాలంటే మళ్ళీ మామూలు మనుషులు కాగలరు. వద్దు మొర్రో అన్నవాడొక్కడే శాశ్వతంగా రాయైపోయాడు.

కర్బీ న్యూయార్క్‌లో లోయర్ ఈస్ట్ సైడ్ అనే పేదల పేటలో 1917లో పుట్టాడు. బెన్ పెరిగిన యాన్సీ స్ట్రీట్ ఆ పేటలోని డిలాన్సీ స్ట్రీట్‌కి మారుపేరు. బెన్‌లో తన పోలికలున్నాయని కర్బీయే చెప్పుకున్నాడు. అందుకేనేమో, ఎందరు వీరులున్నా కర్బీ గీసిన ఆ రాతి మొహంలో కనిపించే బాధ నాకు ఇంకెక్కడా కనబడలేదు. రాళ్ళ మధ్య రెండు నీలం కళ్ళు. అంతే, అంతకంటే ఏమీ ఉండదు.

రీడ్ మాత్రం తప్పు తనదేనని ఒప్పుకున్నాడు. ఒకసారి ఒప్పుకుని ఊరుకోలేదు. ఏళ్ళ తరబడి ఏదో ఒక మందు కలుపుతూనే ఉన్నాడు, బెన్‌ని మామూలు మనిషిని చెయ్యాలని. కొన్ని మందులు కాసేపు పని చేసేవి, తర్వాత మళ్ళీ రాయే. బెన్ తిట్టేవాడు, సామాను విరగ్గొట్టేవాడు. అయినా ఇద్దరూ ఒకే ఇంట్లో ఉండేవాళ్ళు.

ఇక కోటలో కాలయంత్రం ఉన్న ఆ తెలివైనవాడి దగ్గరికొద్దాం. విక్టర్ వాన్ డూమ్. లాట్వీరియా అని ఒక కల్పిత దేశానికి రాజు. ఇనప కవచం, ఆకుపచ్చ ముసుగుబట్ట. 1962 జులై తేదీతో వచ్చిన ఐదో సంచికలో మొదటిసారి కనిపించాడు. కాలయంత్రం వీడిదే. యంత్రమంటే చక్రాలూ గొట్టాలూ ఊహించుకోకండి. నేల మీద ఒక చదరపు చప్టా, అంతే. దాని మీద నిలబడితే చాలు, వీడు బల్ల దగ్గర మీట నొక్కుతాడు. ఎందుకు వాడాడనుకున్నారు? బ్లాక్‌బియర్డ్ అనే సముద్రపు దొంగ నిధి కోసం! ఆ పెట్టెలో మంత్రశక్తి ఉన్న మణులు ఉన్నాయట. సూని బందీగా పెట్టుకుని మిగతా ముగ్గుర్నీ ఆ కాలానికి తోలాడు. అక్కడ బెన్‌కి దొంగగడ్డం పెట్టుకోవాల్సి వచ్చింది. ఓడలో జనం అతన్నే నాయకుణ్ణి చేసుకున్నారు. చివరికి తేలిందేంటంటే, చరిత్రలో వినే బ్లాక్‌బియర్డ్ ఆ బెన్నే! ఇక్కడ రాక్షసుడంటూ పారిపోయే జనమే తప్ప చేరదీసేవాళ్ళు లేరు, అక్కడేమో జేజేలు కొడుతున్నారు. "నేనిక్కడే ఉండిపోతా" అన్నాడు. సుడిగాలి వచ్చి ఓడ బద్దలవకపోతే ఉండిపోయేవాడే. నాకు ఆ కథలో నిధి గుర్తు లేదు, మణులు గుర్తు లేవు, బెన్ ఆ మాటన్న పేజీ గుర్తుంది.

డూమ్ పుట్టుపూర్వోత్తరాలు 1964లో వచ్చిన వార్షిక సంచికలో చెప్పారు. తల్లి మంత్రగత్తె, వీడి చిన్నప్పుడే పోయింది. తండ్రి నాటువైద్యుడు. ఒక జమీందారు భార్యని బతికించలేకపోయాడని సైనికులు తరిమితే, చలికాలంలో కొండల్లో పడి కొడుకుని తన బట్టల్లో చుట్టి కాపాడి, తను పోయాడు. అట్లా మిగిలిన పిల్లవాడు చదువుకి అమెరికా వచ్చాడు. అక్కడ రీడ్ కూడా విద్యార్థే. డూమ్ గదిలో ఒక యంత్రం కడుతున్నాడు, చచ్చిపోయినవాళ్ళ లోకంతో మాట్లాడాలని. రీడ్ వచ్చి కాగితాలు చూసి, "ఈ లెక్కలో దశాంశాలు కాస్త తప్పాయి, ఒకసారి చూసుకో" అన్నాడు. "నా కాగితాలు చూడ్డానికి నువ్వెవడివి?" అన్నాడు డూమ్. మీట నొక్కాడు. యంత్రం పేలింది. కాలేజీ నుంచి గెంటేశారు. అప్పట్నుంచీ వాడి మాట ఒక్కటే: రీడ్ కుళ్ళుకుని నన్ను నాశనం చేశాడు.

ఇంకో సంగతి వినండి. వాడు టిబెట్ కొండల్లో సన్యాసుల దగ్గర కవచం పోత పోయించుకున్నాడు. ముసుగు ఇంకా చల్లారలేదు. ఆగలేక, కాలేదాన్నే మొహానికి పెట్టుకున్నాడు. జాన్ బర్న్ అనే ఆయన 1985లో, 278వ సంచికలో దీన్ని తేటతెల్లం చేశాడు: పేలుడు వల్ల పడ్డది చిన్న గాటు మాత్రమే. మొహం నిజంగా కాలింది ఆ ముసుగు వల్ల. అది చదివిన రోజు నేను పుస్తకం మూసి చాలాసేపు అట్లాగే కూచున్నాను. ఎందుకంటే వీడి కోటలో కాలయంత్రం ఉంది కదా! ఆ హాస్టల్ గదికి వెళ్ళి రెండు దశాంశాలు దిద్దుకుంటే చాలదా? అదీ వద్దనుకుంటే, ముసుగు చల్లారేదాకా ఆగమని తనకి తనే చెప్పుకోవచ్చుగా? నేను చదివిన పుస్తకాల్లో వాడు ఆ పనికి ఎన్నడూ పోలేదు. వాడి దృష్టిలో అక్కడ దిద్దాల్సిన తప్పంటూ లేదు. ఆ చప్టా మీద నిలబడాలంటే ముందు, "లెక్క తప్పింది నాదే" అని వాడి నోటితో వాడు అనాలి. అది వాడి వల్ల కాలేదు.

అట్లాగని వాణ్ణి నేను అసహ్యించుకోలేను. తల్లి ఆత్మ మెఫిస్టో అనే పిశాచరాజు దగ్గర చిక్కుకుంటే, దాన్ని విడిపించడానికి ఏటా ఒక రాత్రి వెళ్ళి పోరాడి ఓడి వచ్చేవాడు. 1989లో వచ్చిన ఒక పెద్ద కథలో చివరికి విడిపించాడు. ఎట్లాగంటే, సాయం వచ్చినవాణ్ణి పిశాచానికి అప్పగించినట్టు నటించాడు. అది చూసి తల్లి, "ఇటువంటి కొడుకు నాకొద్దు" అని తిరస్కరించింది. ఆ తిరస్కారంతోనే ఆమెకి ముక్తి వచ్చింది. వాడు వేసిన ఎత్తే అది. తల్లి దక్కింది, తల్లి ప్రేమ పోయింది.

ఏంటమ్మడూ? కాలంలో ప్రయాణం మన పురాణాల్లో లేదా అంటావా? రైవతుడి కథ ఉంది. కూతురు రేవతికి వరుణ్ణి అడగడానికి బ్రహ్మలోకం వెళ్ళాడు. అక్కడ పాట జరుగుతుంటే అయ్యేదాకా ఆగాడు. తిరిగి వచ్చేసరికి కింద ఇరవై ఏడు మహాయుగాలు గడిచిపోయాయి, తను అనుకున్న వరులెవరూ లేరు. రేవతిని బలరాముడికిచ్చి చేశాడు. ముందుకు పోవడం మనవాళ్ళు చెప్పారు గానీ, వెనక్కి పోయి చేసింది చెరిపేసుకోవడం నేను విన్న పురాణాల్లో ఎక్కడా లేదు. 1991లో సింగీతం గారి ఆదిత్య 369 వచ్చినప్పుడు సినిమా హాల్లో మేం ఈలలు వేసింది కృష్ణదేవరాయల కొలువు చూసి. అక్కడికీ ఎవరూ తమ తప్పు దిద్దుకోవడానికి వెళ్ళలేదు.

డూమ్ ఆ కోట వదిలేసి పోయాక కాలయంత్రం అక్కడే పడి ఉంది. దాని దగ్గరికి వెళ్ళినవాళ్ళంతా గుండెల్లో ముల్లు ఉన్నవాళ్ళే. 1968లో కెప్టెన్ అమెరికా అనే వీరుడు వెళ్ళాడు. రెండో ప్రపంచయుద్ధం చివర తన వెంట తిరిగే కుర్రవాడు బకీ, బాంబులు నింపిన విమానం పేలి పోయాడు. "నిజంగా పోయాడా? నేను ఏమన్నా చెయ్యగలిగేవాణ్ణా?" అన్న అనుమానం ఆయన్ని తినేస్తోంది. 1945కి వెళ్ళి నిలబడ్డాడు. అదే విమానం, అదే పేలుడు. రెండోసారి కళ్ళారా చూసి వచ్చాడు. బకీ బతికే ఉన్నాడని 2005లో ఇంకో రచయిత తేల్చాడనుకోండి, అది వేరే సంగతి.

ఇప్పుడు అసలు కథ. 1979 ఏప్రిల్, మార్వెల్ టూ ఇన్ వన్ అనే పుస్తకం యాభయ్యో సంచిక. రాసిందీ గీసిందీ ఇందాక చెప్పిన జాన్ బర్నే. రీడ్‌కి ఎట్టకేలకు మందు దొరికింది. దొరికీ లాభం లేదు. ఇన్నేళ్ళలో బెన్ ఒళ్ళు మారిపోయింది. మొదట్లో కర్బీ గీసినప్పుడు అది తడిమట్టి ముద్దలా ఉండేది. పోనుపోను రాతిపలకలుగా బిగిసింది. ఆ మొదటి రోజుల్లో ఇస్తే పనిచేసేదట, ఇప్పుడు చెయ్యదట. బెన్ ఆలోచించాడు. అప్పుడు ఇస్తే పనిచేసేదైతే అప్పటికే వెళ్ళి ఇస్తే సరి! మందు పట్టుకుని డూమ్ చప్టా ఎక్కాడు.

వెళ్ళి చూస్తే ఏముంది? తనే. కొత్తగా రాయైన రోజుల్లోని తను. ఆ పాత బెన్‌కి లోకం మీద కోపం, తన మీద తనకి రోత. ఎదురుగా తనలాంటి ఇంకొకణ్ణి చూసి మాట వింటాడా? మీద పడ్డాడు. పేజీల తరబడి కొట్టుకున్నారు. నాకు ఆ కొట్లాటలో దెబ్బలు గుర్తు లేవు గానీ, ఈ బెన్ ఆ బెన్‌ని చూస్తున్న తీరు గుర్తుంది. ఇతను అప్పటికి ఎంతమందితో కలిసి బతికాడు, ఎంత నవ్వడం నేర్చుకున్నాడు! తను ఒకప్పుడు ఇంత చేదుగా ఉండేవాణ్ణా అన్నట్టు చూస్తాడు. చివరికి అతన్ని పడగొట్టి మందు ప్రయోగించాడు. కళ్ళ ముందే రాయి పోయి మనిషి వచ్చాడు. పరుగున ఇంటికి తిరిగొచ్చి చేతులు చూసుకున్నాడు. అదే రాయి.

రీడ్ అప్పుడు చెప్పాడు. వెనక్కి వెళ్ళి ఏదన్నా మారిస్తే మన లోకం మారదట. అక్కణ్ణుంచి వేరే లోకం ఒకటి చీలి, దాని దారిన అది పోతుందట. అంటే బాగుపడ్డ బెన్ ఒకడున్నాడు, కానీ వాడు ఈ బెన్ కాదు.

"మరి వాడెట్లా ఉన్నాడు తాతయ్యా?" అదే మాకూ అనిపించింది. 1983లో వందో సంచికలో బర్నే జవాబు రాశాడు. బెన్ ఆ రెండో లోకానికి వెళ్ళాడు, బాగుపడ్డవాణ్ణి ఒకసారి చూద్దామని. న్యూయార్క్ శిథిలమై ఉంది. గ్రహాలు మింగే గలాక్టస్ వచ్చిన రోజున ఆ లోకంలో అడ్డుకోవడానికి థింగ్ లేడు. ఊరు నాశనమైంది. మిగిలిన శిథిలాల మీద రెడ్ స్కల్ అనే నాజీ పెత్తనం చేస్తున్నాడు. ఆ నడుమ ఒక చిన్న సారాకొట్టు నడుపుకుంటూ మామూలు మనిషి మొహంతో బెన్ గ్రిమ్ కూచుని ఉన్నాడు. తను కోరుకున్న మొహమే అది.

ఆ యాభయ్యో సంచిక తర్వాతది కూడా నాకు దొరికింది, అదే ఏడాది మే నెలది, అదే పట్టా మీద కాకపోయినా ఇంకో వారం ఇంకో కట్టలో. ఒక నెల కిందట అంత గుండెకోత పడ్డవాడు ఏమయ్యాడా అని ఆత్రంగా తెరిచాను. అవెంజర్స్ అనే వీరుల జట్టు బంగళాలో బల్ల చుట్టూ నిక్ ఫ్యూరీ, బీస్ట్, వండర్ మ్యాన్ కూచున్నారు. వాళ్ళ మధ్య మన బెన్, రాతి వేళ్ళతో ముక్కలు పట్టుకుని పేకాట ఆడుతున్నాడు.